బండ్లవాళ్ల సభకు వెట్టిబండి మీద

నా భార్య రుక్మిణి శ్రావణమాసంలో ఒక గురువారం పోయింది. పొద్దున రెండు గుక్కల గంజి తాగి చాలంది. పది గంటలకు డాక్టరు వచ్చి నాడి చూసి, నాతో వరండాలో మాట్లాడి వెళ్లాడు. మధ్యాహ్నం జ్వరం కొంచెం దిగినట్టు కనిపించింది. "ఎల్లారెడ్డి సభకు ఇజాజత్ వచ్చిందా?" అని అడిగింది. ఇంకా రాలేదన్నాను. విసుగ్గా నోరు చప్పరించి గోడవైపు తిరిగింది. తర్వాత మాట్లాడలేదు. దీపాలు పెట్టకముందే పోయింది.

మన సంస్థానంలో నలుగురు కూర్చుని మాట్లాడుకోవాలంటే ముందు దరఖాస్తు పెట్టి ఇజాజత్, అంటే సర్కారు అనుమతి, పొందాలి. ఆమె జీవితంలో సగం ఈ దరఖాస్తులకే సరిపోయింది. మొదట మా వరండాలో ఆడవాళ్లకు పఠనాలయం పెట్టింది. అక్కడినుంచి సభలకు పోయింది, ఆ సభల కార్యవర్గానికి ఎన్నికైంది, ఊళ్లు తిరిగింది. చివరి మూడేళ్లు ఒక్క విషయమే పట్టుకుంది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల అధికారి వచ్చినా, పటేలు చుట్టాలు వచ్చినా బండ్లవాళ్లు కిరాయి లేకుండా బండి కట్టాలి. ఆ వెట్టి గురించి బండ్లవాళ్లే సభలో లేచి చెప్పాలని ఆమె పట్టుదల. నేను సర్కారు కాలేజీలో లెక్కలు చెబుతాను. సర్కారు నౌకరు సభలకు పోరాదు. ఆమెను రైలెక్కించి ఇంటికి వచ్చేవాణ్ణి.

రెండో మాసికం దగ్గరపడగా, ఎల్లారెడ్డిలో ఆమెతో పనిచేసిన వకీలు రాజేశ్వరరావు ఉత్తరం రాశాడు. మాసికం వాళ్ల ఇంట్లో పెట్టాలట. కర్మకాండకు ఇజాజత్ అక్కరలేదు గనుక, భోజనాలకు వచ్చిన జనంతోనే ఆగిపోయిన సభ జరిపేద్దామన్నాడు. ఈ చాటుమాటు వ్యవహారం నాకు నచ్చలేదు. కానీ ఆ సభ జరగాలని ఉంది. నాలుగు రోజులు సెలవు పెట్టి బయలుదేరాను.

కాచిగూడలో ఏడింటికి కదలవలసిన బండి ఎనిమిదికి కదిలింది. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి దాటదు. కూర్చునే చోటు మాత్రం టిక్కెట్టులో చేరదు. భిక్నూరు దాకా ఒంటికాలి మీద వచ్చాను. అక్కడ కొందరు దిగితే చోటు దొరికింది. ఎక్కినవాళ్లలో ఇద్దరు రైతులు, ఒకరు ముసలాయన, ఇంకొకరు నడివయసు మనిషి, నా ఎదుట కూర్చున్నారు.

"రుక్మవ్వ సచ్చిపోయిందట, ఎరుకేనా?" అన్నాడు ముసలాయన.

"గా బండ్లోళ్ల అవ్వనా? అయ్యో. మా ఊరికొచ్చి పటేలునే ఎదురుంగ నిలవెట్టి అడిగింది," అన్నాడు రెండో ఆయన. "ఆమె మొగనికి నోరు లేదట గద. ఇంట్ల అన్నం గూడ ఆయననే వండుతడట."

"వండడు," అన్నాను.

"నీకెట్ల ఎరుక?"

"ఆ మొగుణ్ణి నేనే."

ముసలాయన మూట విప్పి, కాల్చిన మక్కకంకి ఒకటి నా చేతిలో పెట్టాడు. "తిను బిడ్డా. నోరు లేదన్నది నేను గాదు, వీడు."

కామారెడ్డిలో దిగేసరికి ఒంటిగంట దాటింది. స్టేషను ఎదుటి పూటకూళ్లింట్లో మూడణాలకు అన్నం, పప్పు, మజ్జిగ పెడతారు. ఆకలి మీద ఉంటే బాగానే ఉంటుంది. ఎల్లారెడ్డి బస్సు అక్కడికి దగ్గరలోనే నిలబడి ఉంది. ఎప్పుడు పోతుందని డ్రైవరును అడిగాను.

"నిండినంక పోతది."

"ఎప్పుడు నిండుతుంది?"

"నువ్వెక్కితె ఒకడు తక్కువైతడు."

ఎక్కాను. ఎండలో గంటన్నర కూర్చున్నాను. తాడ్వాయి మీదుగా లింగంపేట చేరాక ఇంజను ఆపేసి, వాగులో నీళ్లున్నాయి, ఇక పోదన్నాడు. ఎల్లారెడ్డి దాకా పన్నెండణాలు తీసుకున్నావు గదా అన్నాను. "బస్సు ఎల్లారెడ్డిదే సాబ్. వాగు నాది గాదు," అన్నాడు. అణా కూడా తిరిగి ఇవ్వలేదు.

ఈ సంగతి ముందే తెలిసి వకీలు లింగంపేటకు బండి పంపించాడు. తోలేవాడి పేరు సాయిలు. నలభై ఏళ్లుంటాయి. నన్ను చూడగానే, "పొద్దుగాల సంది గీడనే కూసున్న. ఎక్కు," అన్నాడు. వాగు బండికి లెక్కలోది కాదు. చక్రాలు సగం మునిగాయి, అంతే. అవతలి గట్టు ఎక్కాక కిరాయి ఎంతని అడిగాను.

"ఏమొద్దు."

"వకీలుగారు ఇచ్చారా?"

"పటేలు కట్టుమన్నడు, కట్టిన."

జేబులోంచి రూపాయి తీశాను. అతను ఎద్దులను ఆపేశాడు. "దండం పెడత, గా రూపాయి లోపల వెట్టు సాబ్. నిరుడు అవ్వ మాటిని, దౌరకని ఊళ్లు తిరగొచ్చిన సాబ్‌ను కిరాయి అడిగిన. పటేలు నా బండి చక్రాలు ఊడవీకిచ్చి నెల దినాలు చావడిల వెట్టుకున్నడు. ఇప్పుడు అవ్వ మాసికానికే బండి కట్టుమన్నడు. ఇగ నేను ఎవలనడగాలె, చెప్పు?"

నేను దిగి నడవడం మొదలుపెట్టాను. బురదలో చెప్పు ఇరుక్కుపోయింది. సాయిలు పక్కనే బండి తోలుతూ కొంతదూరం ఓపిక పట్టాడు.

"ఎక్కు సాబ్. నువ్వు నడిస్తె ఎద్దులకేమన్న పుణ్యమొస్తదా? ఎవలన్న చూస్తె సుట్టాన్ని నడిపిచ్చిండని నన్నే తిడుతరు."

ఎక్కాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఎల్లారెడ్డి చేరేసరికి పొద్దు గూకుతోంది. వకీలు ఇంటి ముంగిట్లో కొత్త కుండలు, విస్తరాకుల కట్టలు, కట్టెల మోపులు పేర్చి ఉన్నాయి. ఒక మూల ఇద్దరు ఆడవాళ్లు బియ్యం చెరుగుతున్నారు. వాళ్లలో ఒకామె కుమ్మరి గంగవ్వ. మిమ్మల్ని ఎవరు రమ్మన్నారని ఆమెను అడిగాను.

"పటేలు మనిషి సుంకరి వచ్చి కేకేసిండు, వచ్చినం. సావు పనికి పైసలడిగితె పాపం తగుల్తదని పటేలు చెప్పి పంపిండట," అన్నది. చేట ఆపలేదు. "మా ఇంట్ల సావైతె గూడ మా కుండలే పోతయి బాపు. పాపం ఎటు దిక్కు పోతదో నాకైతె తెల్వది."

లోపలికి పోయి రాజేశ్వరరావును అడిగాను. ఆయన మంచివాడు. రుక్మిణి పేరు ఎత్తితే కళ్లు తుడుచుకుంటాడు. ఇప్పుడూ తుడుచుకున్నాడు.

"పుణ్యకార్యం అనేసరికి పటేలుగారే ముందుకు వచ్చారు, లెక్చరర్ సాబ్. వద్దంటే అనుమానం వస్తుంది. రేపు పోలీసు అమీను వచ్చి చూస్తే పిండాలు, విస్తళ్లు కనిపించాలి గదా."

"వెట్టి వద్దని చెప్పే సభకు వెట్టితో వంటలా?"

"ఒక్కరోజు."

"అసలు మళ్లీ దరఖాస్తు ఎందుకు పెట్టలేదు?"

ఆయన చాలాసేపు కండువా సర్దుకున్నాడు. "ఎవరి పేరున పెట్టమంటారు? ఎప్పుడూ ఆమే సంతకం చేసేది. ఆమె పోయాక పాత దరఖాస్తు చెల్లదన్నారు. కొత్తదానికి పేరు ఇస్తామని ఎవరూ రాలేదు. నాకూ పిల్లలున్నారు."

నా పేరున పెట్టమన్నాను. మీ నౌకరీ ఏమవుతుందన్నాడు. తెలియదన్నాను. మాసికం ఇక్కడ పెట్టడం లేదని, ఆ మాట ఇప్పుడే పోయి పటేలుకు చెప్పమని అన్నాను. సణుగుతూనే చెప్పులు తొడుక్కున్నాడు.

బయట సాయిలు ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు. సంగతి చెబితే సంతోషిస్తాడనుకున్నాను. "నీకేంది, ఎల్లుండి రైలెక్కుతవు. పటేలు కోపం మా మీదికొస్తది," అన్నాడు. ఎక్కను, నెల పట్టినా జవాబు వచ్చేదాకా ఉంటానన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు. "నీ అసుంటి మనిషి గీడ నెల దినాలుంటడా?" అని మళ్లీ గడ్డి పనిలో పడ్డాడు. నమ్మలేదు. నమ్మడానికి కారణం కూడా లేదు.

ఆమె ధైర్యం గురించి రెండు నెలలుగా చాలామంది నాకు చెప్పారు. వింటూ తల ఊపాను. ఆ ధైర్యం ఏ కాగితం మీద ఎక్కడ పడేదో ఇవాళ చూశాను. ఆమె పేరు తీసేసిన చోట ఇంతమందిలో ఒక్కరి పేరూ పడలేదు. దానికి వకీలును తిట్టి లాభం లేదు. ఆయన భయం పుట్టించుకున్నది కాదు. సాయిలు చక్రాలు నిజంగానే చావడిలో ఉండి వచ్చాయి. నా కోపం ఎవరి మీదో తేల్చుకోలేక, వకీలు ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఈ దారిన వచ్చేవారికి ఒక్క మాట. వానాకాలంలో బస్సుకు లింగంపేట దాకానే డబ్బివ్వండి. అక్కడ బండి ఎక్కేముందే కిరాయి బండివాడితో మాట్లాడుకోండి. పైసలొద్దంటే ఎక్కకండి. ఎక్కాక దిగినా అతనికి ఒరిగేదేమీ లేదు.

రేపు పొద్దున తహసీలు కచేరీ తెరిచే వేళకు మెట్ల దగ్గర ఉంటాను. దరఖాస్తు ఉర్దూలో నేనే రాస్తాను. ఎందుకోసం అన్నచోట బండ్లవాళ్ల వెట్టి మీద సభ అని రాస్తాను. కింద నా పేరు, తండ్రి పేరు, నౌకరీ చేసే కాలేజీ పేరు రాసి సంతకం చేస్తాను.