కాలువ మీద పోస్టు డబ్బా

పోస్టుమ్యాన్ కిటికీలోంచి విసిరిన కవరు మగ్గం మీద పడి పడుగు పోగులు తెగాయి. ధర్మవరంలో మా ఇంటి ముందు గదంతా గుంట మగ్గమే. నాయన పొద్దస్తమానం ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేస్తాడు. ఆయన చేసిన రచ్చకు పోస్టుమ్యాన్ జడవలేదు.

"ఏమప్పా, నా మీద అరిస్తే ఏమొస్తాది? డబ్బా పెట్టుకో" అన్నాడు.

ఎట్లా పెట్టాలో కూడా ఆయనే చెప్పాడు. తలుపు పక్కన గోడకు బిగించాలి. బండి దిగకుండా చెయ్యి అందాలి. పేరు, డోరు నంబరు రోడ్డు వైపుండాలి. వాన పడకుండా పైన రేకు వంచాలి. ఇంత సులువైన పని మా ఇంట్లో సులువుగా ఎందుకు జరుగుతుంది?

అప్పటికే రోడ్డు వెడల్పు చేస్తారని వీధంతా గుసగుసలు. కొలతలవాళ్లు వచ్చి మా మెట్ల మీద ఎర్రరంగు గీత పెట్టి పోయారు. మెట్లు పోతే పోయాయి, మగ్గం నిలిచిందని అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. నాకు మాత్రం ధైర్యం చాలలేదు. నేను పనిచేసే హిందూపురం నుంచి బస్సులో వచ్చేటప్పుడు పెనుకొండ దగ్గర సగానికి కోసిన ఇళ్లు కనిపించేవి. ఒక ఇంట్లో దేవుడి గూడు రోడ్డుకు తెరుచుకుని ఉండేది. 

ఆ వారం నేను ఇంటికి వచ్చేసరికి డబ్బా గోడకు లేదు. మురుగు కాలువ అవతల, రోడ్డు అంచున పాతిన ఇనుప కంబానికి ఉంది.

"ఇదేంది నాయనా, ఆడ పెట్టినావు?"

"సర్కారు టపా యాడిదాకా వస్తాదో ఆడిదాకా మన జాగానే కదమ్మా. రేపు రోడ్డోళ్లకు చూపించనీకి సాక్ష్యముండాల. అందరూ అట్లనే పెడ్తాండారు."

నిజమే. వీధి పొడుగునా కాలువ మీద కొత్త డబ్బాలు. ఏడాదికొక కవరు కూడా రాని ఇళ్లకూ డబ్బాలే! నవ్వొచ్చింది, వెంటనే భయం వేసింది. ఇది కొరివితో తల గోక్కోవడమే, పీకెయ్యమన్నాను.

"సదువుకున్నావు గానీ లోకం తెలీదు నీకు" అన్నాడు నాయన.

రెండో రోజే కొలతలవాళ్లు మళ్లీ వచ్చారు. ఎవరూ కేకలెయ్యలేదు. వాళ్లలో పెద్దాయన డబ్బాను వేలితో తట్టి, "ఈడ ఎవరు పెట్టమన్నారప్పా?" అని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదకే నా గుండె జారింది.

"మా జాగాలోనే కదా సార్."

"అట్లనా? మీ జాగా యాడిదాకో చూస్తాం" అని టేపు తీయించాడు.

మొదటిసారి కంటి అంచనాతో మెట్ల మీద గీసి పోయినవాళ్లు, ఈసారి రోడ్డు నడిమధ్య నుంచి కొలుచుకుంటూ వచ్చారు. టేపు డబ్బాను దాటింది. మెట్లు దాటింది. నాయన గబగబా లోపలికి పోయి మగ్గంలో కూర్చున్నాడు, తాను అడ్డం కూర్చుంటే టేపు ఆగుతుందన్నట్టు. గడప కూడా దాటి, ఆయన తొడ పక్కకు వచ్చాకే ఆగింది.

"డబ్బా ఇప్పుడే పీకేస్తా సార్" అన్నాడు నాయన. 

"దాంతో ఇంక పనిలేదప్పా. రొంత లెయ్యి, గీత గీయాల."

నాయన లేచాడు. ఆయన కూర్చునే చోటి మీదుగా ఎర్రగీత గీశారు. వాళ్లు పోయాక ఆ తడి రంగు మీదే కూర్చుని నేత మొదలుపెట్టాడు. చీర సగంలో ఉంది.