ఏ గట్టిగా?

మా మేనమామ దగ్గర ‘లౌడ్లీ’ అన్న మాట నోరు జారినవాళ్లు అరగంటలోపు బయటపడ్డ దాఖలా లేదు. ఇంగ్లిష్ మాస్టారుగా రిటైరయ్యారు గానీ ఆ ఒక్క పాఠం మాత్రం రిటైర్ కాలేదు.

“లౌడ్లీ అంటే పెద్ద గొంతుతో. అలౌడ్ అంటే మనసులో కాకుండా పైకి. మనం రెంటినీ కలిపి ‘గట్టిగా’ అనేస్తాం. అక్కడే కొంప మునుగుతోంది” అనేవారు.

అత్తయ్య వంటింట్లోంచి, “అమ్మాయి ఉత్తరం కాస్త గట్టిగా చదవండి” అంటే చాలు.

“ఏ గట్టిగా?”

“నాకు వినపడే గట్టిగా.”

“అంటే అలౌడ్.”

“ముందు అది కులాసాగా ఉందో లేదో చెప్పండి. పాఠం తర్వాత.”

నేను గుమస్తాగా ఉన్న గ్రంథాలయంలో చూపులేనివాళ్లకు పుస్తకాలు చదివి వినిపించే ఉద్యోగం ఒకటి పడింది. ఎంపికకు మా అధికారి, నేను, ఇంగ్లిష్ తెలిసిన పెద్దమనిషిగా మామయ్య కూర్చున్నాం. చివరగా వచ్చినావిడ ఒకప్పటి టెలిఫోన్ ఆపరేటరు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆ పని పోయింది. చక్కగా చదివింది, కానీ గొంతు బల్ల దాటలేదు.

“గట్టిగా చదవాలని నిబంధన ఉందమ్మా” అన్నారు అధికారి, పేరు కొట్టేయబోతూ. ఆవిడ కాగితాలు సర్దుకుంది.

మామయ్య అసలు ఇంగ్లిష్ నిబంధన తెప్పించారు. “ఇక్కడున్నది అలౌడ్. పైకి చదివితే చాలు. లౌడ్లీ ఎక్కడుందో చూపించండి.”

“మాట సంగతి సరే మాస్టారూ, వినేవాళ్లకు వినపడొద్దా?”

“వాళ్లనే అడుగుదాం.”

హాల్లో ఉన్న ముసలి దర్జీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆయన చూపు పోయి పదేళ్లు. ఆవిడ పక్కనే కూర్చుని రెండు పేజీలు విన్నాడు.

“ఇదివరకు చదివినాయన నామీద కేకలేసేవాడు. నాకు పోయింది కళ్లు బాబూ, చెవులు కాదు” అన్నాడు.

అధికారి సంతకం పెట్టారు.

దారిలో అడిగాను. “మామయ్యా, ఆవిడ మీకు ముందే తెలుసా?”

“తెలీదు.” అన్నారు మామయ్య. “ఉద్యోగంలో చేరిన కొత్తలో, సన్నగొంతు పిల్లనొకదాన్ని నిలబెట్టి ‘లౌడ్లీ, లౌడ్లీ’ అని తరిమాను. క్లాసంతా నవ్వింది. పుస్తకంలో ఉన్నది ‘రీడ్ అలౌడ్’ అనే. ఆ పిల్ల ఏడాది పొడుగునా మళ్లీ నోరు విప్పలేదు.”

ఇరవై ఏళ్లుగా ఆ పాఠానికి నవ్వినవాణ్ని.

సోమవారం ఆవిడ మొదటిసారి చదివింది. వెనక వరసకు ఒక్క ముక్క వినపడలేదు. దర్జీ కుర్చీ ముందుకు లాక్కున్నాడు, ఆ చప్పుడు విని పక్కాయన కూడా. మూడో పేజీకి పదిమందీ బల్ల చుట్టూ చేరిపోయారు. మామయ్యకు మాత్రం చోటు దొరకలేదు. కుర్చీ చేత్తో పట్టుకుని, చివరిదాకా నిలబడే విన్నారు.