ఆకుపచ్చ మీద ఎరుపు

చిలకలూరిపేట దాటగానే పత్తి లారీల వెనక మా బస్సు ఆగిపోయింది. గుంటూరులో మిరపకాయల వ్యాపారి నాకోసం చూస్తుంటాడు. సీట్లో కుదురుగా కూర్చోలేక, ఆయన వెబ్‌సైటుకి నేను చేసిన పేజీ ప్రింటు తీసి మళ్ళీ చూసుకున్నాను. ముదురు ఆకుపచ్చ మీద ఎర్రటి అక్షరాలతో ధరలు వేశాను.

పక్కసీటు రైతు తొంగిచూశాడు. "ఇందులో ఏమీ రాయలేదేంటండీ?"

"రేట్లండీ. ఎర్రగా కనపడట్లేదా?" అని విసుక్కున్నాను.

ఆయన కాగితాన్ని వేలితో తడిమి, గొంతు తగ్గించాడు.

"నాకు చిన్నప్పట్నించీ ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే ఉంటాయండీ. మా మిరపచేలో పండుకాయేదో పచ్చికాయేదో తెలీదు. అందుకే కోతకి వంగను, మూటలు మోస్తాను. కోతకి రాడని ఊళ్ళో బద్ధకస్తుడంటారు, అననీండి. ఈ సంగతి తెలిస్తే నా సరుకు ఎవరు నమ్ముతారు?"

బస్సు కదిలింది. తర్వాతి ఊళ్ళో ఆయన దిగిపోయాడు.

వ్యాపారి దగ్గరికి వెళ్ళగానే, తెలుపు మీద నల్లక్షరాలు పెడదామన్నాను.

"మిరపకాయల సైటుకి ఎరుపు లేకపోతే ఎట్టాగయ్యా? ఇది కనపడనిదెవరికంట?" అని కొట్లో అందరూ వినేలా అడిగాడు.

"నాకేనండీ," అన్నాను.