సిమెంటు ఫ్యాక్టరీకి సరిపోయే వ్యాగన్లు

మా ముందరి గదిలో బల్ల మీద ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. మా ఆయన కట్టింది. ఎర్రగుంట్ల దగ్గర ఫ్యాక్టరీలో, బస్తాలు నింపేచోట పనిచేసి రిటైరయ్యాక, ఆ ఫ్యాక్టరీనే అట్టతో, ప్లైవుడ్డుతో చిన్నగా కట్టడం మొదలుపెట్టారు. పొగగొట్టం, సున్నపురాయి కుప్పలు, బస్తాలు ఎక్కించే ప్లాట్‌ఫారం, బొగ్గు దించే షెడ్డు, వీటి మధ్యగా బొమ్మ రైలు పట్టాలు. ఇంజను కూడా తెప్పించారు. వ్యాగన్ల దగ్గర మాత్రం ఆగిపోయారు.

"యా బండి దొరికితే ఆ బండి నిలబెడితే అది ఫ్యాక్టరీ కాదు మే, బొమ్మల కొలువు అవుతాది," అనేవారు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు. మళ్ళీ లేవలేదు.

కర్మలు అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. మాకు పిల్లలు లేరు. మాట్లాడే మనిషి లేక నా గొంతు బొంగురుపోయేది. పాలు పోసే ఆమెతో "చాలు" అనడానికి కూడా ముందు గొంతు సవరించుకోవాల్సి వచ్చేది. గది ఖాళీ అవుతుంది, ఆ బల్ల తీసేయించమని మా మరిది చెప్పి వెళ్ళాడు. నేను తీయించలేదు. ఆయన ఆపినచోటు నుంచి నేనే చేద్దామనుకున్నాను.

ఫోనులో వెతికి వ్యాగన్లు తెప్పించాను. పసుప్పచ్చగా, అడుగున గరాటుల్లాంటి మూతులతో, ఏదో దేశం రాతలతో వచ్చాయి. ముద్దుగానే ఉన్నాయి. బొగ్గు షెడ్డులో పెట్టి చూస్తే మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఆ షెడ్డులో ఆయన ఒక పెద్ద చక్రంలాంటిది అమర్చారు. వ్యాగనును అందులో బిగించి బోర్లిస్తే బొగ్గంతా కిందికి పడుతుందని, తన అరచేతిని తిప్పి నాకు చూపించిన సంగతి గుర్తొచ్చింది. అడుగునే తెరుచుకునే వ్యాగనును బోర్లించే పనేముంది? మరి నిజం ఫ్యాక్టరీకి ఎలాంటివి వస్తాయి? ఇంతకాలం ఈ ఊళ్ళోనే ఉండి కూడా నేను చూడలేదు.

మా వీధి చివర రైల్వే గేటు ఉంది. పొద్దున వంట ముగించుకుని అక్కడికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. తుమ్మచెట్టు నీడలో నిలబడి గూడ్సు బండ్లు చూసేదాన్ని. బొగ్గు వచ్చేది పైకప్పు లేని ఎత్తైన వ్యాగన్లలో. బస్తాలు తడవకూడదు కాబట్టి సిమెంటు పోయేది కప్పు ఉన్నవాటిలో. వాటికి పక్కన తలుపులుంటాయి. ఆ తలుపుల చుట్టూ బూడిదరంగు చారలు. అడుగున తెరుచుకునేవి కూడా వచ్చేవి గానీ, ఫ్యాక్టరీ వైపు తిరగకుండా కరెంటు తయారుచేసే కేంద్రం వైపు సాగిపోయేవి. ఒక్కటీ కొత్తగా ఉండేది కాదు. తుప్పు, మసి, సుద్దముక్కతో గీసిన గుర్తులు. ఒకదాని పక్కన ఒకటి నిలబడితే రెండింటి ఎరుపూ ఒకటి కాదు.

ఒకరోజు చక్రాల మీద ఉండే అమరిక సరిగ్గా చూద్దామని పట్టాలకు దగ్గరగా వెళ్ళి కూర్చున్నాను. బండి కూత దూరంగా వినిపించింది. అంతలో ఎవరో వచ్చి నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. గేటు దగ్గర పనిచేసే అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయేమో. తన గదిలోకి తీసుకుపోయి స్టూలు మీద కూర్చోబెట్టింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"శానా దినాల నుంచి చూస్తాండా. వచ్చి ఈడే నిలబడతాండావు. ఇంట్లో ఎవరుండారమ్మా?"

"ఎవరూ లేరు."

"లేకపోతే? అంత మాత్రాన ఇట్ల చేస్తారా?"

ఆమె ఏమనుకుందో అప్పుడర్థమైంది. వ్యాగన్లు చూడ్డానికి వచ్చానని చెప్పాను. నా మాట ఆమెకే కాదు, నాకూ నమ్మేట్టు లేదు. బండి గది ముందు నుంచి పోతూనే ఉంది, నేను ఏడుస్తూనే ఉన్నాను. చావాలని నేను రాలేదు. కానీ ఆయన పోయిన రోజుల తర్వాత నన్నెవరూ అలా చెయ్యి పట్టుకోలేదు.

డ్యూటీ దిగాక ఆమె నాతోపాటు ఇంటిదాకా వచ్చింది. నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేదని తెలుస్తూనే ఉంది. గదిలో బల్ల చుట్టూ తిరిగి, వంగి ఒక్కొక్కటే చూసింది.

"గేటు వేస్తా, తీస్తా. పోయే బండిలో ఏముండాదని ఏనాడూ చూడలేదమ్మా," అంది చివరికి.

కాఫీ తాగి వెళ్ళింది. ఆ తర్వాత గేటు దగ్గర నాకు స్టూలు వేసేది. కొన్నాళ్ళకు గేటు మూసేసి పట్టాల కింద నుంచి దారి తవ్వడం మొదలుపెట్టారు. ఆమెను కొండాపురం అవతలికి మార్చారు. అప్పుడప్పుడూ ఫోను చేసి తిన్నానా అని అడుగుతుంది.

పసుప్పచ్చ వ్యాగన్లను వాటి పెట్టెలోనే సర్దేశాను. బతుకంతా జాకెట్లు కుట్టినదాన్ని కాబట్టి కాగితం మీద కొలతలు గీసి కత్తిరించడం నాకు వచ్చిన పనే. మందమైన అట్టతో బొగ్గుకు కప్పులేనివి, బస్తాలకు కప్పున్నవి చేసుకున్నాను. ఎర్రమట్టి రంగులో కొంచెం నలుపు కలిపి, ఒక్కోదానికి ఒక్కోలా పూశాను. తలుపుల చుట్టూ వేలితో సిమెంటు అద్దాను.

మొదటిసారి నడిపినప్పుడు ఎవరూ లేరు. బండి మెల్లగా వంపు తిరిగి షెడ్డులోకి పోయి ఆగింది. "బాగుంది," అన్నాను పైకి. నా గొంతే నాకు వినిపించింది.

షెడ్డులోకి నిండుగా పోయిన వ్యాగన్లు ఖాళీగా బయటికి రావాలి కదా. అందుకని రోజూ సాయంత్రం చెంచాతో బొగ్గు రజను నింపుతాను, లోపలికి పంపుతాను, వెనక నుంచి చెయ్యి పెట్టి ఒక్కోదాన్నీ బోర్లిస్తాను. అది అయ్యేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. అప్పుడు లేచి చేతులు కడుక్కుంటాను.