నీళ్ల మీదికి నెట్టిన నేరం

ఆరేళ్లుగా ఒక మాటను కక్కలేక మింగలేక మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నర్సును. మా ఫస్ట్ ఎయిడ్ గది బయట ఒక బోర్డుండేది: ఈ నెల నొప్పులతో ఇంటికి వెళ్లినవారు సున్నా. ఆ సున్నాను కాపాడటమే నా ఉద్యోగం అనుకున్నాను. ఎవరికి నడుం పట్టినా ఒక నొప్పిమాత్ర ఇచ్చి పనికి పంపేదాన్ని. మహా తెలివైనదాన్నని మురిసిపోయాను కూడా.

మల్లేశన్నది పక్కనే ఉన్న చిట్కుల్ ఊరు. ఫర్నేస్ దగ్గర పని. రోజుకు రెండు మాత్రల చొప్పున మూడేళ్లు ఇచ్చాను. నొప్పినీ వాపునూ పుట్టించే ఎంజైమును ఆ మాత్ర అణచేస్తుంది. కానీ ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసేదీ ఆ ఎంజైమే. చెమటతో తడిసి ముద్దయ్యే మనిషికి అది రోజూ ఇవ్వకూడదు. నాకు తెలియదా? చదువుకున్నదే.

ఏటా చేసే పరీక్షల్లో అతని క్రియాటినిన్ ఎక్కువొచ్చింది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నట్టు. ఆ కాగితం ముందు నా చేతికే వచ్చింది. డాక్టరు చూస్తే మాత్రలెవరిచ్చారని అడుగుతాడు. బాగున్నవాళ్ల కాగితాల మధ్య దూర్చి ఆయన చేత సంతకం చేయించాను. మల్లేశన్నతో మాత్రలు అయిపోయాయన్నాను, కారణం చెప్పలేదు. పేరు తెలిసిన మాత్రే కదా, మెడికల్ షాపులో కొనుక్కున్నాడు.

రెండేళ్లకు డయాలసిస్. సంగారెడ్డి ఆసుపత్రికి చూడటానికి వెళ్లాను.

"కంపెనీల నీళ్లేనక్కా నా కిడ్నీలను ఖరాబ్ చేసినయి. నువ్వు గోలీలియ్యకపోతే గన్ని దినాలు డ్యూటీ చేస్తుంటినా?"

"అవునన్నా, నీళ్లే," అన్నాను.

ఫ్యాక్టరీల మురుగు కలిసిన ఇక్కడి నీళ్ల మీద ఏం చెప్పినా నమ్ముతారు. వాటి పాపమూ కొంత ఉందేమో. కానీ కాగితం దాచింది నీళ్లు కాదుగా?

ఇప్పుడు అతని భార్య సత్తెమ్మ మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో చేరింది. భర్తకైనట్టు తనకు కాకూడదని ఇంటి నుంచి ఫిల్టర్ నీళ్లు తెచ్చుకుంటుంది. ఇవాళ మోకాలు పట్టుకుని వచ్చింది.

"ఆయనకిచ్చినవ్ సూడు, ఆ గోలే ఇయ్యక్కా."

ఇవ్వలేదు. ఎందుకని అడిగింది. మోకాలికి కట్టు కట్టి పంపాను. ఆమె వెళ్లాక ఇది రాస్తున్నాను: మల్లేశన్న కిడ్నీలను పాడుచేసినవి నేనిచ్చిన మాత్రలు. ఆ సంగతి చెప్పే కాగితాన్ని దాచింది నేను. ఇంత సూటిగా నాకు నేను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు. కాస్త ఊపిరాడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. సత్తెమ్మ రేపు మళ్లీ వస్తానంది.