తలుపుల్లో కుక్కిన చిందీ

మొన్న ఆదివారం సూరత్‌లోని అడాజన్‌లో మా అల్లుడి కొత్త కారులో వెనక సీట్లో కూర్చున్నాను. కూరగాయలకని బయల్దేరాం. అతను పాట పెట్టాడు, సౌండు పెంచాడు. డప్పు గట్టిగా మోగే చోటికి వచ్చేసరికి నా పక్క తలుపులోంచి జిర్రుమని సన్నటి చప్పుడు. అల్లుడికి కారంటే ప్రాణం. వెంటనే పక్కకు తీసి ఆపి, "అత్తమ్మా, జర ఆ డోరును చేత్తోని గట్టిగ నొక్కి పట్టుండ్రి, చప్పుడు యాడికెల్లి వస్తుందో చూస్త" అన్నాడు. నేను నొక్కలేదు. తలుపు తెరుచుకుని రోడ్డు మీదికి దిగి నిలబడ్డాను. వెనక వస్తున్న స్కూటరు వాడు గుజరాతీలో ఏదో తిట్టి పోయాడు. మా అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంది మమ్మీ, గిట్ల దిగినవ్? స్పీకరే కదా, టెన్షన్ మత్ లే, బైఠో" అంది. నిజమే, స్పీకరే. నవ్వేసి ఎక్కి కూర్చున్నాను. కానీ ఇంటికి చేరేదాకా తలుపు పిడి వదల్లేదు, ఎందుకో చెబితే కొత్త కారు ముచ్చట పాడవుతుందని చెప్పలేదు.

అసలు నేను పిరికిదాన్ని. ఈ మాట దాచుకోవడానికి ఏమీ లేదు, మా వాళ్లందరికీ తెలుసు. కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడతాను. లిఫ్టు ఎక్కితే దిగేదాకా దేవుణ్ణి తలుచుకుంటాను. అలాంటి దాన్ని ఈ ఊళ్లోనే బమ్రోలిలో, రాత్రీ పగలూ మగ్గాలు దడదడలాడే గల్లీలో, ఒక మగ్గాల మాస్టర్‌కు ఇచ్చి కట్టబెట్టారు మా వాళ్లు. మాస్టర్ అంటే బడి పంతులు కాదు. మగ్గం చెడిపోతే బాగుచేసేవాణ్ణి అక్కడ అలా పిలుస్తారు. మా ఆయన కరీంనగర్ వైపు నుంచి మీసాలు రాని వయసులో వచ్చి ఆ షెడ్లలో పడ్డాడు. సగం జీవితం ఆ చప్పుడులో గడిపిన మనిషికి సన్నటి శబ్దాలు చెవికెక్కవు. నేను వంటింట్లోంచి పిలిస్తే పలకడు, కానీ మగ్గం మీద అరచెయ్యి పెట్టి, లోపల ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. షెడ్లో అందరిదీ ఒకటే వైద్యం. ఏది గలగలలాడినా ఇంత చిందీ తీసుకుని సందులో కుక్కడమే. చిందీ అంటే బట్ట కోతల్లో మిగిలే ముక్కలు, నూలు చిక్కులు. సూరత్‌లో దానికి కరువు లేదు. మా ఇంట్లో కిటికీ రెక్క కొట్టుకున్నా, మంచం కోడు ఊగినా, ఫ్యాను కిర్రుమన్నా, చివరికి ఆయన చెప్పు వదులైనా చిందీయే మందు.

ఆయన పనిచేసే షెడ్డు మూతపడింది. ఇంకో షెడ్డులో చేరమంటే చేరలేదు. పాతది ఒక ఏడు సీట్ల బండి కొని, పొద్దున్నే మా గల్లీ మనుషులను ఊరవతల సచిన్‌లో ఉన్న కార్ఖానాలకు తీసుకెళ్లి సాయంత్రం తిరిగి దింపే పని పెట్టుకున్నాడు. ఆ బండి అంతకుముందు ఎవరో పెళ్లిళ్ల బ్యాండు వాళ్లదట. ఇంజను సంగతి ఎలా ఉన్నా నాలుగు తలుపుల్లోనూ పళ్లెమంత స్పీకర్లు పెట్టించి వదిలారు. మనవాళ్లకు అది పండగైపోయింది. మా ఊరి వైపు డప్పు పాటలు పెట్టుకుని, కాళ్లతో తాళం వేసుకుంటూ పనికి పోయేవాళ్లు. కొన్నాళ్లకు ఒకడు, "మాస్టర్, మీ బండిల డప్పు పగిలిందే" అన్నాడు. నిజంగానే డప్పు దెబ్బ పడినప్పుడల్లా బండిలో ఎక్కడో జిర్రుమంటోంది. మా ఆయనకు వినపడదు. నాకు వినపడింది. వినపడ్డ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఏదో వదులైంది. వదులైంది ఊడుతుంది. ఊడితే అంతమంది మనుషులతో హైవే మీద బండి ఏమవుతుంది? "అది స్పీకర్‌ది కాదు, చక్రందేమో చూడయ్యా" అని పోరుపెట్టాను.

అలా మొదలైంది మా వేట. రోజూ సాయంత్రం బండి గల్లీ చివర ఆపేవాడు. డప్పు పాట పెట్టి, ఒక్కో తలుపు మీదా అరచెయ్యి ఆనించి నొక్కుతూ పోయేవాడు. నేను లోపల కూర్చుని చెవులు రిక్కించి వినాలి. చప్పుడు ఆగితే నేను చెయ్యి ఎత్తాలి, ఆగకపోతే తల ఊపాలి. మాటలు లేవు. షెడ్లో మగ్గాల మధ్య వాళ్లు మాట్లాడుకునే పద్ధతి అదే. వచ్చే పోయేవాళ్లకు మా ఇద్దరినీ చూస్తే, పాటకు ఆయన బండిని జో కొడుతున్నట్టూ నేను లోపల పూనకంలో ఊగుతున్నట్టూ ఉండేది. నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు, నాకు మాత్రం అక్కడ నవ్వు రాలేదు. చివరికి డ్రైవరు వెనక తలుపు దగ్గర చప్పుడు ఆగింది. చెయ్యెత్తాను. ఆయన లోపలి అట్ట విప్పాడు. తలుపు లోపల రేకు డొల్ల, అందులో అద్దం దిగే దారి, పిడి నుంచి తాళం దాకా పోయే సన్న కడ్డీలు. "ఇంత ఖాళీ ఉంటే మోగక ఏం జేస్తది?" అని సంచెడు చిందీ తెచ్చి కుక్కాడు. ఎరుపు, పసుపు, చిలకాకుపచ్చ, చీర అంచుల ముక్కలన్నీ ఆ తలుపు పొట్టలోకి పోయాయి. పాట పెడితే చప్పుడు ముందు తలుపులోకి పోయింది. అందులో కుక్కితే ఎడమ తలుపు అందుకుంది. నాలుగూ నిండాక మళ్లీ మొదటి దాంట్లోనే సన్నగా వినపడింది. దాంట్లో ఇంకో సంచెడు పట్టించాడు. అప్పుడు ఆగింది. ఆ తలుపు అద్దం దిగడం మానేసింది, పిడి బిగుసుకుంది. "కొత్తల గట్లనే ఉంటది, నాలుగు రోజులైతే అదే సర్దుకుంటది" అన్నాడు. నేనూ నమ్మాను. చప్పుడు లేదు కదా, చక్రం ఊడదు కదా అని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

అప్పట్లో మా అత్త మా దగ్గరే ఉండేది. ఊళ్లో పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. నోరు కొడవలి. నేను చేసిన పప్పు మీద, నేను ఊడ్చిన వాకిలి మీద, నా పిరికితనం మీద ఆమెకు రోజూ ఏదో ఒక మాట ఉండాల్సిందే. "ఎలుకను జూసి స్టూలెక్కేది నా కోడలొక్కతే" అని గల్లీ అంతా చెప్పేది. వానాకాలంలో గల్లీలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా పిండికట్టు వేశారు. ఒకరోజు మధ్యాహ్నం అడాజన్‌లో ఎముకల డాక్టరుకు చూపించి తీసుకొస్తున్నాం. వెనక సీటు పొడవునా ఆమె కాలు చాపించి పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఆ డ్రైవరు వెనక తలుపునే తన అలవాటు కొద్దీ దడాలున వేశాడు. మగ్గాల మనిషికి మెల్లగా వేయడం ఎక్కడ తెలుసు?

తాపీ నది దాటేసరికి వాన కుండపోతగా పట్టుకుంది. బమ్రోలి దగ్గరికొచ్చేసరికి పక్కన పారే ఖాడీ పొంగి రోడ్డెక్కింది. ఖాడీ అంటే ఊరి మురికి కాలువే, వానాకాలంలో ఏరైపోతుంది. ఎత్తుగా ఉంటుందని మా ఆయన బండిని ఎడమ పక్కకు, ఒక మిల్లు గోడకు రాసుకునేలా తీశాడు. అక్కడే ఇంజను ఆగిపోయింది. ఎడమ తలుపులు రెండూ గోడకు ఆనాయి. ఆయన తన తలుపు తెరుచుకుని దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. వెనక్కి వచ్చి మా తలుపు తీయబోయాడు. రాలేదు. లోపలి నుంచి నేను పిడి లాగాను. పిడి ఊరికే ఆడింది, తలుపు కదల్లేదు. ఆయన బండికి కాలు తన్నిపెట్టి లాగాడు. అద్దం దింపబోయాను. దిగలేదు. లోపల పాట ఇంకా మోగుతూనే ఉంది. డప్పు దెబ్బ మీద దెబ్బ పడుతోంది, ఒక్క జిర్రు కూడా లేదు. ఆ డప్పును అంత శుభ్రంగా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

కాళ్ల కింద చల్లగా తగిలింది. నల్లటి నీళ్లు, రంగుల కార్ఖానా వాసన. మా అత్త మొదట మామూలుగానే, "అరేయ్, బండి కొన్నవా, బాయి కొన్నవా?" అని కొడుకును తిట్టింది. నీళ్లు సీటు అంచుకు వచ్చాక తిట్టడం ఆపేసింది. ఆమె తిట్టడం ఆపడంతో నా భయం రెట్టింపైంది. పిండికట్టు తడిసి బరువెక్కి కిందికి జారుతోంది. ముందు సీట్ల మధ్య నుంచి దూరి డ్రైవరు తలుపులోంచి నేనైతే బయటపడగలను. ఆ కాలుతో ఆమె వల్ల కాదు. అది ఇద్దరికీ తెలుసు. మా అత్త నా మొహంలోకి చూసి, "నువ్వు ముంగటికెల్లి దిగిపో బిడ్డా. నాదేముంది, ముసల్దాన్ని" అంది. కాపురానికి వచ్చాక ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు. నేను కదల్లేదు. ధైర్యంతో కాదు. ఆ నీళ్లలో దిగాలంటే భయం, ఆమెను వదిలితే భయం, ఒక్కదాన్నే బతికి మా ఆయన మొహం చూడాలంటే భయం. ఏ భయం మాట వినాలో తెలియక అక్కడే కూర్చున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. నాట్లు వేసిన చేతులు, ఎముక నలిగేంత పట్టు.

మా ఆయన అద్దానికి మొహం ఆనించి ఏదో అరుస్తున్నాడు. వానలో వినపడలేదు. అప్పుడాయన షెడ్లో చేసినట్టే చేత్తో చెప్పాడు. వేళ్లు తిప్పి, వెనక్కి చూపించాడు. తాళంచెవి, డిక్కీ. అది బయటి నుంచి తాళంచెవితోనే తెరుచుకుంటుంది, తాళంచెవి స్టీరింగు దగ్గరే ఉంది. ఆయన ముందు తలుపు దగ్గరికి వచ్చేలోగా నేనే ముందు సీట్ల మీద బోర్లా పడి, ఒక చెయ్యి అత్త పట్టులోనే ఉంచి, రెండో చేత్తో తాళంచెవి పీకాను. పాట ఆగిపోయింది. తెరిచి ఉన్న డ్రైవరు తలుపు దగ్గర ఆయనకు అందించాను. ఈలోగా మిల్లు గేటు దగ్గర షిఫ్టు దిగిన మనవాళ్లు నడుం లోతు నీళ్లలో పరిగెత్తుకొచ్చారు. "మాస్టర్, ముసలమ్మ లోపట్నే ఉన్నదా?" అంటూ ఇద్దరు డిక్కీలోంచి లోపలికి దూరారు. ఒకడు మిల్లులోంచి మడతలు విప్పని బట్ట తెచ్చాడు. దాన్ని అత్త నడుం కింద నుంచి తోసి, నలుగురూ నాలుగు చెంగులు పట్టారు. నూలు చుట్టిన బీమును భుజాల మీదికి ఎత్తుకునేటప్పుడు షెడ్లో ఎలా అరుస్తారో అలాగే అరిచారు. "ఉఠావ్! సంభాల్ కే! కాలు పైలం!" సీటు మీదుగా, డిక్కీలోంచి, వానలోకి మా అత్త బీములా తేలి వెళ్లింది. నా మణికట్టు వదల్లేదు. ఆమె వెంట నేనూ సీటు మీదుగా దొర్లి బయటపడ్డాను.

నీళ్లు తగ్గాక బండిని ఇంటికి లాక్కొచ్చారు. మా ఆయన వాకిట్లో కూర్చుని ఆ తలుపు అట్ట విప్పి చిందీ బయటికి లాగాడు. లాగిన కొద్దీ వచ్చింది. బురద పట్టిన ఎరుపు, పసుపు, చిలకాకుపచ్చ ముద్దలు వాకిట్లో మోకాలెత్తు కుప్ప పడ్డాయి. అడుగున తాళం కడ్డీ కనపడింది. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్క ఎప్పుడో అరిగిపోయింది. డప్పు దెబ్బకు ఆ కడ్డీయే రేకుకు కొట్టుకుని జిర్రుమనేది. మేం కుక్కిన చిందీ దాన్ని పక్కకు నెట్టింది, తలుపు దడాలున వేసిన దెబ్బకు పూర్తిగా తప్పిపోయింది. నేను భయపడింది చక్రానికి. కానీ భయపడటం తప్పు కాదన్నమాట, ఏదో వదులైంది, అది ఊడింది. మా ఆయన ఆ అరిగిన ముక్కను అరచేతిలో పెట్టి నా వైపు చాపాడు. మా అత్త మంచం మీది నుంచి చూసి, "బండి మొత్తుకుంటే నోట్ల బట్ట కుక్కినవ్‌రా కొడుకా. ఇగ దాన్ని మొత్తుకోనియ్యి" అంది. ఆయన కొత్త ముక్క వేసి కడ్డీ బిగించాడు. మిగతా తలుపులు కూడా ఖాళీ చేశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏది కిర్రుమన్నా ముందు విప్పి చూడటమే.

కాలు అతుక్కున్నాక మా అత్త ఊరు వెళ్లినప్పుడల్లా ఇల్లిల్లూ తిరిగి, "నా కోడలు నన్ను ఇడిసి పోలే" అని చెప్పుకునేది. నాకు సిగ్గేసేది. ఒకసారి ఉండబట్టలేక, "భయమై కదల్లేదు అత్తమ్మా, అంతే" అన్నాను. ఆమె తమలపాకు నములుతూ నన్ను పైకీ కిందికీ చూసింది. "భయమైతే అందరు ఉర్కుతరు పిల్లా. నువ్వు కూసున్నవ్" అంది. ఆ తర్వాత నా పప్పు మీద మాటలు మానేసిందా అంటే మానలేదు. ఇంకా కొన్నేళ్లు బతికి, బమ్రోలి ఇంట్లోనే, మంచం పట్టి పోయింది. చివరి రోజుల్లో పక్కన కూర్చుంటే మణికట్టే పట్టుకునేది, పట్టులో బలం లేకపోయినా. అప్పుడు దిగిపొమ్మనలేదు.

ఇప్పుడు నా మోకాళ్లు పట్టేస్తున్నాయి. నేల మీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. వానలు మొదలైతే ఆ నీళ్లు గుర్తొస్తాయి, కానీ ఈ మధ్య ఆ జ్ఞాపకంలో నేను కూర్చున్న చోటు మారిపోతోంది. అత్త తల పెట్టుకున్న ఒడి నాది కావడం లేదు, ఒళ్లో తల పెట్టుకుని పైకి చూస్తున్న మనిషినే నేనవుతున్నాను. దిగిపో బిడ్డా అని నేను అనగలనా, అన్నాక ఆ బిడ్డ కూర్చుంటుందా అని భయమేస్తుంది. కాలం మనల్ని ఎక్కడికీ తీసుకుపోదు, ఒకే బండిలో మెల్లగా ఒక సీటు పక్కకు జరుపుతుంది, అంతే.