పద్దెనిమిదో గుర్రం

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న ప్రిన్సిపాల్‌కి నా మీద నమ్మకం లేదు. ఆ సంగతి ఆయనే మొదటి రోజు చాలా మర్యాదగా చెప్పాడు. డాలస్‌కి ఉత్తరాన, అప్పటికింకా సగం పొలాలూ సగం కొత్త ఇళ్ళూగా ఉన్న ఊళ్ళో హైస్కూలు అది. ఎనభయ్యో దశకం మొదట్లో మాట. నాకు ముందున్న లెక్కల టీచరు ఒక మధ్యాహ్నం భోజనానికని బయటికి వెళ్ళి మరి తిరిగి రాలేదట. ఆ ఖాళీలోకి వచ్చాన్నేను. "మే నెల దాకా ట్రయల్. మార్చిలో ఒకరోజు వచ్చి మీ క్లాసులో కూర్చుంటాను. నచ్చితే ఉంటారు, లేకపోతే లేదు" అన్నాడాయన.

నాకా ఉద్యోగం కావాలి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, చాలా కావాలి. ఎమ్మెస్సీ లెక్కలు చదివి ఈ దేశం వచ్చాక, నాలుగేళ్ళు మావారి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, టీవీలో ఎవరెవరో సామాన్ల ధరలు చెప్పి బహుమతులు గెలుచుకుంటుంటే వాళ్ళకంటే ముందే ధరలు కూడుతూ గడిపాను. తర్వాత టీచరు పరీక్షలన్నీ మళ్ళీ రాశాను. డ్రైవింగ్ టెస్టు మూడోసారికి పాసయ్యాను. ఇంతా చేసి ఇది పోతే మళ్ళీ ఆ ఇస్త్రీ బల్ల ముందుకే.

నాకిచ్చిన క్లాసు పేరు జనరల్ మ్యాథ్. ఆల్జీబ్రా గండం దాటలేని పిల్లలందర్నీ ఒక గదిలో వేసి, సరిగ్గా భోజనం తర్వాతి పీరియడ్‌లో నాకు అప్పగించారు. ఇరవై ఆరుమంది. పాఠం భిన్నాలు. పుస్తకం నిండా పిజ్జాలు. సగం పిజ్జా, పావు పిజ్జా, ఆరో వంతు పిజ్జా. అప్పుడే తిని వచ్చిన పిల్లలకి పిజ్జా మీద ధ్యాస ఎక్కడిది? ఆఖరి వరసలో ఒక అమ్మాయైతే బల్ల మీద చెంప ఆనించి నిద్రపోయేది. తెల్లవారకముందే లేచి డోనట్ల కొట్లో పని చేసి స్కూలుకి వచ్చేదట. చేతుల మీద పంచదార పొడి కూడా అలాగే ఉండేది. నేను వెళ్ళి డస్టర్‌తో బల్ల మీద టకటకలాడించేదాన్ని. లేచేది, "సారీ మేడమ్" అనేది, మళ్ళీ పడుకునేది.

మూడు వారాలు ఓర్చుకున్నాను. నాలుగో వారంలో ఒకరోజు, బోర్డు మీద భిన్నాలు కూడి వెనక్కి తిరిగేసరికి, ఇరవై ఆరుమందిలో ఒక్కడు కూడా నా వైపు చూడటం లేదు. నా కోపం సంగతి మా బంధువులందరికీ తెలుసు, ఆ పిల్లలకి తెలియదు. అచ్చ తెలుగులో, బందరు దాకా వినిపించేలా, "మీకు చెప్పేకంటే గేదెలకి చెప్పుకోవడం మేలు. అవి కనీసం తల ఊపుతాయి" అన్నాను.

అందరూ ఒక్కసారి తలలెత్తారు. ముందు వరస కుర్రాడొకడు, "అదేమిటి మేడమ్? దాని అర్థమేమిటి?" అని అడిగాడు. మూడు వారాల్లో ఆ క్లాసులో నన్నెవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. గేదెల సంగతి చెప్పలేను కదా. "అదా, మా ఊళ్ళో చెప్పుకునే చిక్కులెక్క" అని అబద్ధమాడేశాను. ఆడాక ఏదో ఒకటి చెప్పాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న ఇచ్చిన లెక్క నోటికొచ్చింది.

ఒకాయన కొన్ని పూలు పట్టుకుని గుడికి వెళ్ళాడు. గుడి ముందు కోనేరు. అందులో ముంచితే పూలు రెట్టింపవుతాయి. అక్కడ కొన్ని దేవుడికి పెట్టి, మిగిలినవి పట్టుకుని రెండో గుడికి వెళ్ళాడు. అక్కడా కోనేరు, అక్కడా రెట్టింపు, అక్కడా అన్నే పూలు పెట్టాడు. మూడో గుడిలోనూ అంతే. బయటికి వచ్చేసరికి చేతిలో ఒక్క పువ్వు లేదు. ఎన్ని పూలు తెచ్చాడు, గుడికి ఎన్ని పెట్టాడు?

చెప్పడం అయింది, గంట కొట్టారు. "జవాబేమిటి?" అన్నారు పిల్లలు.

"చెప్పను" అన్నాను.

వాళ్ళ మొహాలు చూడాలి. ఈ దేశంలో ఏ లెక్కకైనా జవాబు పుస్తకం చివర్లో ఉంటుంది. టీచరే దాచేసుకోవడం వాళ్ళెక్కడా చూసి ఉండరు. నాకేమో ఇంకోలా చెప్పడం చేతకాదు. మా నాన్న బందరులో లెక్కల మేష్టారు. జవాబు చెప్పడమంటే ఆయనకి పరమ అసహ్యం. "చెబితే నా లెక్క, చేస్తే నీ లెక్క" అనేవారు. ఆ పూల లెక్కకి నేను పదకొండు రోజులు తంటాలు పడ్డాను. ఎదురింటి మావయ్యగారు జాలిపడి సూచన ఇవ్వబోతే నాన్న ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి తలుపు దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. ముగ్గురివీ తప్పులే. మూడో రోజుకి ఒకడు "ఏడు పూలు, గుడికి ఎనిమిది" అని తేల్చాడు. నేను ఆనందంతో చాక్‌పీసు విరగ్గొట్టాను. ఆ అమ్మాయి బల్ల పక్క నుంచి వెళుతూ చూస్తే, డోనట్ల కాగితం సంచీ మీద ఏడూ పద్నాలుగూ ఆరూ అని రాసి ఉంది. మనిషి మాత్రం నిద్రపోతోంది.

ఆ శుక్రవారం ప్రిన్సిపాల్ పిలిచాడు. ఎవరో తల్లి ఫోన్ చేసిందట. ఈ స్కూల్లో పిల్లలకి పూజలు నేర్పుతున్నారని కంప్లెయింట్.

"గుళ్ళు, పూలు, దేవుడు. ఇది లెక్కల క్లాసేనా?" అన్నాడు.

"లెక్కే సార్. దేవుడు ఊరికే ఉంటాడు, ఏమీ చెయ్యడు" అన్నాను.

"ఆ ఊరికే ఉన్నాయన్ని తీసేయండి."

తీసేశాను. ఇంకో సెక్షన్‌కి చెప్పేటప్పుడు మూడు గుళ్ళనీ ముగ్గురు గర్ల్‌ఫ్రెండ్స్‌గా మార్చాను. ఒక అబ్బాయి ఒకే రోజు ముగ్గురమ్మాయిల ఇళ్ళకి వెళ్ళి, ఎవరికీ తక్కువ కాకుండా సమానంగా పూలిచ్చి వచ్చాడు. పిల్లలకి ఎంత నచ్చిందంటే పెద్ద క్లాసుల వాళ్ళు కూడా కారిడార్‌లో ఆపి అడిగేవారు. సోమవారానికి నాలుగు ఫోన్లు వచ్చాయి. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దేవుడే నయం" అన్నాడు. మూడోసారి ఆ పూలని ఆసుపత్రిలో ముగ్గురు రోగులకి పంచాను. దాని మీద ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ఆ చలికాలమంతా వారానికో లెక్క ఇచ్చాను. పులి, మేక, గడ్డిమోపు ఏరు దాటాయి. నక్క, కోడి, మొక్కజొన్న అని మార్చాల్సి వచ్చింది, అది వేరే సంగతి. పిల్లలు మేలుకుని ఉన్నారు. కానీ ఫిబ్రవరిలో ప్రిన్సిపాల్ నన్ను ఆపి, "వినోదం బాగానే ఉంది. నేను వచ్చిన రోజు మాత్రం భిన్నాలు చూడాలి. ట్రిక్కులు కాదు" అన్నాడు.

ఇంట్లో మావారు హితబోధ మొదలుపెట్టారు. ఆయన ఇంజనీరు, రిస్కంటే గిట్టదు.

"ఆయన వచ్చిన రోజు టెక్స్ట్‌బుక్ ఫాలో అయిపో. హాయిగా పిజ్జాలు కట్ చేసుకో. జాబ్ పర్మనెంట్ అయ్యాక నీ పులుల్ని ఏరు దాటిద్దువుగాని" అన్నారు.

"పిజ్జా తీస్తే పడుకుంటారండీ."

"పడుకోనీ. క్వైట్‌గా ఉన్నారనుకుంటాడు."

నా మొండితనం నాది. భిన్నాలే ఉన్న చిక్కులెక్క ఒకటుంది, నాన్న ఇచ్చిందే. ఒక పెద్దమనిషికి పదిహేడు ఏనుగులు. సగం పెద్దకొడుక్కి, మూడో వంతు రెండోవాడికి, తొమ్మిదో వంతు చిన్నవాడికి అని వీలునామా రాసి పోయాడు. ఏనుగుని కొయ్యకూడదు. పదిహేడులో సగం ఎనిమిదిన్నర, అక్కడే బండి ఆగిపోతుంది. అప్పుడు మంత్రి తన ఏనుగు మీద వచ్చి దాన్ని కూడా కలుపుతాడు. పద్దెనిమిదైంది. తొమ్మిది, ఆరు, రెండు పంచుతాడు. పదిహేడు అయిపోయి ఒకటి మిగులుతుంది. అది తనదే కాబట్టి ఎక్కి వెళ్ళిపోతాడు. దాన్ని నేను నాలుగు రోజుల్లో విప్పి వీధంతా చెప్పుకున్నాను.

టెక్సాస్ కాబట్టి ఏనుగుల్ని గుర్రాలు చేశాను. గుళ్ళు లేవు, గర్ల్‌ఫ్రెండ్స్ లేరు, పిల్లలకి తెలిసిన జంతువే. ముందురోజు సాయంత్రం అన్నం వడ్డిస్తూ మావారికి అప్పజెప్పాను. "ఆ పద్దెనిమిది లెక్కే కదా" అన్నారాయన, చారు కలుపుకుంటూ. ఆ పద్దెనిమిది నా తలలో తిష్ఠ వేసింది. పొద్దున్న కారు డ్రైవ్ చేస్తూ కూడా పద్దెనిమిది, తొమ్మిది, ఆరు, రెండు అని వల్లించుకుంటూనే వెళ్ళాను.

ప్రిన్సిపాల్ వచ్చి ఆఖరి వరసలో, ఆ అమ్మాయి పక్కన, పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. చేతిలో పసుపు కాగితాల ప్యాడ్. నేను గుర్రాలు పెంచే రాంచ్ గురించి చెప్పాను, ముసలాయన్ని చంపాను, వీలునామా చదివాను, బోర్డు మీద రాశాను. ఇక చిక్కుపడండి నాయనా అని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అర నిమిషం కూడా కాలేదు. ముందు వరస కుర్రాడు, "తొమ్మిది, ఆరు, రెండు. ఇందులో ఏముంది మేడమ్?" అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే బోర్డు మీద నా దస్తూరీలోనే, బారెడు అంకెల్లో, 18.

చిక్కే లేని చిక్కులెక్క ఇచ్చాను. చెరిపేద్దామా అంటే ప్రిన్సిపాల్ అప్పటికే ప్యాడ్ మీద ఏదో రాస్తున్నాడు. ఇస్త్రీ బల్ల కళ్ళ ముందు కనిపించింది.

"అంతేనా? జవాబదేనా?" అన్నాడు ఆయన వెనక నుంచి.

"జవాబు నేను చెప్పను" అన్నాను. మా నాన్న ఆ మాట నియమంగా అనేవారు. నేను ఆ రోజు భయంతో అన్నాను.

అప్పుడు ఆఖరి వరసలో, బల్ల మీద తల ఎత్తకుండానే ఆ అమ్మాయి, "ఒక గుర్రం మిగిలింది" అంది.

అందరూ కూడి చూసుకున్నారు. నిజమే, తొమ్మిదీ ఆరూ రెండూ పదిహేడే. ఇక గోల మొదలైంది. మిగిలింది తల్లిదని ఒకడు, లాయరు తీసుకుంటాడని ఒకడు, వాళ్ళ బాబాయి చనిపోయినప్పుడు నిజంగా అలాగే జరిగిందని ఇంకొకడు. ఆ అమ్మాయి లేచింది. బోర్డు దగ్గరికి నడిచి వచ్చింది, అయిదు నెలల్లో మొదటిసారి. సగమంటే పద్దెనిమిదింట తొమ్మిది, మూడో వంతు పద్దెనిమిదింట ఆరు, తొమ్మిదో వంతు పద్దెనిమిదింట రెండు అని ఒకదాని కింద ఒకటి వేసి, కూడింది. పద్దెనిమిదింట పదిహేడు వచ్చింది.

"వాటాలన్నీ కలిపినా ఒకటి అవలేదు. పద్దెనిమిదో వంతు ఎవరికీ రాయలేదు. ఆ ముసలాయనకి భిన్నాలు కూడటం రాదు మేడమ్" అంది. చాక్‌పీసు పెట్టేస్తూ, "ఆయన కూడా ఈ క్లాసులోనే కూర్చోవాలి" అంది.

క్లాసు పగలబడి నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు, కుర్చీ కిర్రుమంది. నేను నవ్వలేదు. ఎమ్మెస్సీ చదివాను, చిన్నప్పట్నుంచీ ఆ లెక్క నాకు కంఠస్థం. మంత్రి తెలివికి చప్పట్లు కొట్టానే గానీ ఆ వీలునామాని ఒక్కసారీ కూడి చూడలేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ధైర్యం కూడా వచ్చింది. "నేను పదిహేడు రాయాల్సింది. పద్దెనిమిది నా పొరపాటు" అని అందరి ముందూ ఒప్పుకుని, ఎనిమిది చెరిపి ఏడు రాశాను. "ఇప్పుడు చెయ్యండి."

ఆ అమ్మాయి తన చోటికి నడుస్తూనే, "పక్క రాంచ్‌లోంచి ఒకటి తెచ్చుకుని, పంచాక వెనక్కిచ్చేస్తే సరి" అంది. నాకు నాలుగు రోజులు పట్టిన పని. వెళ్ళి బల్ల మీద తల వాల్చింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచాడు. "తప్పు చెప్పకుండానే చెరిపేస్తారనుకున్నాను" అన్నాడు. "నేనూ అదే అనుకున్నాను సార్" అన్నాను. కాగితం మీద సంతకం పెట్టి నా వైపు తోశాడు. వచ్చే ఏడాదీ ఉంటున్నాను. నేను తలుపు దాకా వెళ్ళాక ఆయన గొంతు తగ్గించి, "ఆ పూలు ఏడేనా?" అన్నాడు.

"చెప్పను సార్" అన్నాను.

ఇదంతా నాన్నకి నీలం ఏరోగ్రామ్ కాగితం మీద రాశాను. మీ ముసలాయనకి భిన్నాలు రావని ఇక్కడొక పిల్ల కనిపెట్టింది అని కాస్త పొగరుగానే రాశాను. నెల తిరిగాక జవాబొచ్చింది. నాన్న ఉత్తరాలు ఎప్పుడూ నాలుగు వాక్యాలకి మించవు.

"ఆ వీలునామా తప్పని నువ్వు పట్టుకుంటావనే ఆ లెక్క ఇచ్చాను. నువ్వు మంత్రి ఏనుగెక్కి వీధిలో ఊరేగావు. సరే, ఎప్పటికైనా ఆ తప్పు దాకా వస్తావని ఇన్నేళ్ళూ చూశాను. ఇప్పుడు వేరేవాళ్ళు చెప్పారు కాబట్టి ఆ లెక్క ఆ పిల్లది, నీది కాదు."

మర్నాడు క్లాసుకి వెళ్ళి ఆ అమ్మాయిని డస్టర్‌తో లేపి, ఉత్తరం అర్థం చెప్పాను. ఇండియాలో ఒక పెద్ద మేష్టారు ఈ లెక్క నీదేనని రాశారు అన్నాను. ఆ అమ్మాయి ఆ నీలం కాగితం చేతిలోకి తీసుకుని, ఒక్క అక్షరమూ తెలియకపోయినా, పైనుంచి కిందిదాకా నెమ్మదిగా చూసింది. ఇది తను ఉంచుకోవచ్చా అని అడిగింది. ఉంచుకోమన్నాను. మడిచి డోనట్ల సంచీలో పెట్టుకుంది.

"అయితే హోంవర్క్ మానేయొచ్చా మేడమ్?"

"చెయ్యాల్సిందే."

సరేనని బల్ల మీద తల పెట్టుకుంది. ఆ రోజు నేను మళ్ళీ లేపలేదు.